తుపాకీ ఒక అనుమతి, ఆత్మరక్షణ మన హక్కు

మన హాస్టళ్లలో చదివి వెళ్లిన అన్నలు, అక్కలు ఈనాడు రకరకాల కొలువుల్లో ఉన్నారు. కొందరు కానిస్టేబుళ్లు, కొందరు అటవీశాఖలో బీట్ ఆఫీసర్లు. ఇంకొందరు బ్యాంకుల ముందు, గోడౌన్ల దగ్గర రాత్రిపూట కాపలా కాస్తున్నారు. ఉద్యోగంలో ప్రాణభయం ఉన్నప్పుడు తుపాకీ దగ్గర ఉంచుకోవచ్చా? అది మన హక్కేనా? ఈ ప్రశ్న మనలో చాలామందికి వస్తుంది. సినిమాలు చూసి చెప్పే జవాబు ఒకటి, చట్టం చెప్పే జవాబు ఇంకొకటి. చట్టం ఏం చెబుతోందో మాకు తెలిసినంతవరకు మిత్రులందరికీ వివరించాలని ఈ చిన్న ప్రయత్నం.

తెల్లవారి చట్టం

1857 తిరుగుబాటు తర్వాత భారతీయుల చేతిలో ఆయుధం అంటే బ్రిటిష్ వారికి భయం పట్టుకుంది. లిట్టన్ వైస్రాయిగా ఉన్న కాలంలో, 1878లో, ఆయుధాల చట్టం తెచ్చారు. దేశభాషా పత్రికల నోరు నొక్కిన చట్టం వచ్చింది కూడా ఆ ఏడాదే. భారతీయుడు తుపాకీ ఉంచుకోవాలంటే లైసెన్సు ఉండాలి, యూరోపియన్లకు మాత్రం మినహాయింపు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడిచేసి తీసుకుపోయింది తుపాకులనే. 1931 కరాచీ కాంగ్రెస్ ఆమోదించిన ప్రాథమిక హక్కుల తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం ధరించే హక్కును కూడా చేర్చారు.

బాబాసాహెబ్ ఎందుకు వద్దన్నారు?

1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఈ కరాచీ తీర్మానాన్నే గుర్తుచేసి, ఆయుధం ధరించడాన్ని ప్రాథమిక హక్కుగా చేర్చాలని సవరణ ప్రతిపాదించారు. డాక్టర్ అంబేడ్కర్ దానికి ఒప్పుకోలేదు. ఎవరికి వారు బజారుకు వెళ్లి ఏ అడ్డూ లేకుండా ఆయుధాలు కొనుక్కునే హక్కు ఉంటే ప్రభుత్వం పరిపాలన సాగించడం సాధ్యం కాదన్నది ఆయన వాదన సారాంశం. సవరణ వీగిపోయింది. అందుకే మన రాజ్యాంగం 19(1)(బి) అధికరణంలో సమావేశమయ్యే స్వేచ్ఛను ఇస్తూనే శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా అని షరతు పెట్టింది. సిక్కులు కిర్పాణ్ ధరించడాన్ని మాత్రం 25వ అధికరణం వివరణలో వారి మతాచారంగా గుర్తించింది.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆలోచించాలి. తుపాకీ అందరికీ హక్కయితే ఊళ్లో అది ముందుగా ఎవరి ఇంటికి చేరుతుంది? కూలికి పోయే మన అమ్మానాన్నల ఇంటికా, వంద ఎకరాలున్న పెద్దమనిషి ఇంటికా? తుపాకీకి డబ్బు కావాలి, తూటాలకు డబ్బు కావాలి. ఆనాడు బాబాసాహెబ్ ఆ సవరణను కాదనడం మనకు మేలే చేసిందని మా అభిప్రాయం.

నేటి చట్టం

ఇప్పుడు అమలులో ఉన్నది 1959 ఆయుధాల చట్టం, దాని కింద 2016లో వచ్చిన నిబంధనలు. వాటిలో మనం గుర్తుంచుకోవలసినవి ఇవి:

ఒకటి, లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోవడం నేరం. నాటు తుపాకీకి కూడా ఇదే వర్తిస్తుంది.

రెండు, సాధారణంగా 21 ఏళ్లు నిండిన వారే దరఖాస్తు చేసుకోవాలి. పోలీసు విచారణ జరిగాక జిల్లాలో కలెక్టరు, కమిషనరేట్ ఉన్నచోట పోలీసు కమిషనరు నిర్ణయిస్తారు.

మూడు, దరఖాస్తుదారుకు చాలినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించరాదని 14వ సెక్షన్ చెబుతోంది. నిరాకరిస్తే 18వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు.

నాలుగు, 2019 సవరణ తర్వాత ఒకరి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండరాదు. లైసెన్సు గడువు ఐదేళ్లు. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో సరదాకు కాల్చి ఇతరులకు ప్రమాదం తెస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

అసలు హక్కు ఎక్కడుంది?

తుపాకీకి అనుమతి కావాలి గాని, ప్రాణం కాపాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పాత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 వరకు ఉన్న సెక్షన్లు, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు ఆత్మరక్షణ గురించినవే. మన శరీరాన్నే కాదు, పక్కవారి శరీరాన్ని కాపాడటానికి కూడా ఈ హక్కు ఉంది. ప్రాణానికి, మానానికి ముప్పు వచ్చినప్పుడు, యాసిడ్ దాడి ఎదురైనప్పుడు ఈ హక్కు ఎదుటివారి ప్రాణం పోయేదాకా కూడా వెళ్లవచ్చు. అయితే హద్దులున్నాయి. పోలీసులను ఆశ్రయించే వ్యవధి ఉన్నప్పుడు ఈ హక్కు చెల్లదు. అవసరానికి మించి కొట్టరాదు. ముప్పు తొలగిపోయాక కొడితే అది రక్షణ కాదు, ప్రతీకారం అవుతుంది.

కారంచేడు సంగతి మనకు తెలుసు. 1985 జూలైలో మాదిగపల్లె వారు తాగే చెరువు నీటిని పెత్తందారుల కుర్రాళ్లు మురికి చేస్తుంటే మన పిల్లవాడొకడు వద్దన్నాడు. వాడిని కొడుతుంటే నీళ్లకు వచ్చిన మున్నంగి సువార్త అడ్డుపడింది. తన మీదికి వస్తే బిందె ఎత్తింది. చట్టం కళ్లతో చూస్తే అది పక్కవాడిని, తనను తాను కాపాడుకునే హక్కును వాడుకోవడమే. మరునాడు, జూలై 17న, ఆరుగురిని చంపారు. అక్కడ ప్రాణాలు తీసినవి తుపాకులు కావు, గొడ్డళ్లు, బరిసెలు. ఆ గుంపు ముందు ఒక ఇంట్లో ఒక లైసెన్సు తుపాకీ ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. ఆ వంకతో మొత్తం పల్లెనే తగలబెట్టేవారేమో!

మనకు తెలియని ఒక నిబంధన

1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం గురించి మనలో తెలియనివారు లేరు. దాని కింద 1995లో వచ్చిన నిబంధనల్లో మూడవది చదివినవారు మాత్రం తక్కువ. అత్యాచారాలు జరిగే ప్రమాదం ఉన్న ప్రాంతాలను ప్రభుత్వం గుర్తించాలి. అవసరమైతే అక్కడి ఎస్సీ, ఎస్టీలు కానివారి ఆయుధ లైసెన్సులు రద్దుచేసి, ఆ ఆయుధాలను ప్రభుత్వ ఆయుధాగారంలో పెట్టించాలి. అక్రమ తుపాకులు స్వాధీనం చేసుకోవాలి. అవసరమనిపిస్తే ఎస్సీ, ఎస్టీలకు లైసెన్సులు ఇవ్వాలి. ఇక్కడ వరుస గమనించండి. ముందు చెప్పింది ఎదుటివాడి చేతిలో తుపాకీ తీసేయమని, ఆ తర్వాతే మన చేతికి ఇవ్వమని. మనం ఎక్కువగా అడగవలసింది ఆ మొదటి దానినే.

ఉద్యోగంలో తుపాకీ

పోలీసు, అటవీ సిబ్బందికి ప్రభుత్వం ఆయుధం ఇస్తే విధి నిర్వహణలో వారికి సొంత లైసెన్సు అక్కర్లేదు. ప్రైవేటు కాపలా ఉద్యోగం అలా కాదు. ఒకరి పేరున ఉన్న తుపాకీని ఇంకొకరు పట్టుకు తిరగకూడదు. లైసెన్సు సంస్థ పేరున ఉంటే దాన్ని పట్టే ఉద్యోగి వివరాలు కూడా అందులో నమోదై ఉండాలి. కాబట్టి తమ్ముళ్లారా, ఏజెన్సీ వారు తుపాకీ చేతికిచ్చి నిలబడమంటే ముందు లైసెన్సు చూపించమని అడగండి. కేసు వస్తే జైలుకు పోయేది మీరే.

ఇక అడవి విషయం. 2013 డిసెంబరులో శేషాచలంలో ఎర్రచందనం దొంగలు ఇద్దరు అటవీ ఉద్యోగులను చంపారు. 2022 నవంబరు 22న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చంద్రుగొండ మండలంలో పోడు తగాదాలో రేంజి అధికారి శ్రీనివాసరావు హతమయ్యారు. దానితో తెలంగాణ అటవీ సిబ్బంది తమకు ఆయుధాలివ్వాలని గట్టిగా కోరారు. వారి భయం నిజమైనదే. ఒంటరిగా, కర్రతో అడవిలో తిరిగేవారి కష్టం మనకు తెలుసు. కాని 2015 ఏప్రిల్ 7న అదే శేషాచలంలో కాల్పుల్లో 20 మంది పోయారు. వారు తమిళనాడు నుంచి కూలికి వచ్చిన పేదలు. దుంగలతో కోట్లు గడించేవారు ఆ ఇరవైమందిలో లేరు. బీట్ ఆఫీసరు మన హాస్టల్ బిడ్డే, పోడు రైతు కొడుకూ ఏదో ఒక హాస్టల్ బిడ్డే. ఒకరికి తుపాకీ ఇచ్చినంత మాత్రాన భూమి తగాదా తీరదు. పట్టా తేలాలి, సిబ్బంది సంఖ్య పెరగాలి, వెంట పోలీసు తోడుండాలి.

అమెరికా వెళ్లేవారికి ఒక మాట

విదేశీ విద్యా పథకాలతో మనవాళ్లు కూడా అమెరికా వెళుతున్నారు. అక్కడ 1791లో వచ్చిన రెండవ రాజ్యాంగ సవరణ ప్రకారం తుపాకీ పౌరుల హక్కు. అందుకని మనకూ హక్కని అనుకోవద్దు. చదువు వీసా, తాత్కాలిక ఉద్యోగ వీసా మీద ఉన్నవారు తుపాకీ ఉంచుకోవడాన్ని అక్కడి ఫెడరల్ చట్టం, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, నిషేధించింది. స్నేహితుడి తుపాకీ సరదాకు పట్టుకున్నా చిక్కే.

మనం చేయవలసింది

ప్రమాదం వస్తే 112కు ఫోన్ చేయండి. కులం పేరుతో దాడి జరిగితే 14566కు చెప్పండి. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 చట్టం చెబుతోంది. దానికి 15100 నంబరు ఉంది. ఈ మూడు నంబర్లూ హాస్టల్ నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. ఈసారి సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు, ఆత్మరక్షణ హక్కుకు లైసెన్సు అక్కర్లేదన్న సంగతి మన వాడలో పదిమందికి చెప్పండి. ముఖ్యంగా అమ్మలకు, చెల్లెళ్లకు చెప్పండి.