రాత్రివేళ వేసిన అడుగు: గిద్యోను భయం, గిద్యోను విశ్వాసం

  

యవ్వనస్థుల మధ్య తరచుగా వినిపించే ప్రశ్న ఒకటుంది. "దేవుని మీద నాకు విశ్వాసం ఉంది. కానీ అడుగు వేయాలంటే భయం. హాస్టల్ రూమ్‌లో అందరి ముందు మోకరించాలంటే భయం. తప్పు అని తెలిసిన పనికి ఫ్రెండ్స్‌తో నో చెప్పాలంటే భయం. మరి నాది నిజమైన విశ్వాసం కాదా?" ఈ ప్రశ్న పట్టుకుని గిద్యోను దగ్గరికి వెళ్దాం. న్యాయాధిపతులు 6, 7 అధ్యాయాలు మీ ఫోన్‌లో ఓపెన్ చేసి పెట్టుకోండి.

అప్పటికి 7 సంవత్సరాలుగా మిద్యానీయులు ఇశ్రాయేలీయుల్ని పీడిస్తున్నారు. పంట చేతికొచ్చే టైమ్‌కి ఒంటెల మీద మిడతల దండులా వచ్చి పడేవాళ్లు. ధాన్యం, గొర్రెలు, ఎడ్లు ఏదీ మిగిలేది కాదు. జనం కొండ గుహల్లో దాక్కుని బతుకుతున్నారు. గిద్యోను ఏం చేస్తున్నాడు? ద్రాక్షగానుగ చాటున గోధుమలు దుళ్లగొడుతున్నాడు. మన ఊళ్లలో ధాన్యం ఎక్కడ తూర్పారబడతారు? కళ్లంలో, గాలి బాగా వీచే చోట. గానుగ అంటే రాతిలో తొలిచిన తొట్టి. అక్కడ గాలి ఆడదు, పని సాగదు. అయినా అక్కడే చేస్తున్నాడంటే ఒక్కటే కారణం: ఎవరికీ కనబడకూడదు. సరిగ్గా అలాంటి మనిషిని దేవుని దూత పరాక్రమశాలీ అని పిలిచాడు. గిద్యోను ఏమన్నాడు? మా కుటుంబం ఎన్నికలేనిది, నేను ఇంట్లో చిన్నవాణ్ణి అన్నాడు. దేవుడు అతని ధైర్యాన్ని పరీక్షించి ఎన్నుకోలేదు. నేను నీకు తోడుగా ఉంటాను అని మాట ఇచ్చి పంపాడు.

మొదటి పని ఎక్కడో తెలుసా? యుద్ధభూమిలో కాదు, సొంత ఇంట్లో. తండ్రి యోవాషుకు బయలు బలిపీఠం ఒకటుంది. దాన్ని పడగొట్టి, యెహోవాకు బలిపీఠం కట్టమన్నాడు. గిద్యోను పదిమంది పనివాళ్లను తీసుకెళ్లి ఆ పని చేశాడు, కానీ రాత్రిపూట. ఎందుకంటే ఇంటివాళ్లకు, ఊరివాళ్లకు భయపడ్డాడు. బైబిల్ ఆ సంగతి దాచలేదు. పగలు ఎందుకు చేయలేదని దేవుడు గద్దించినట్టు కూడా మనకు ఎక్కడా కనబడదు. ఎందుకంటే పని జరిగింది. తెల్లవారేసరికి బలిపీఠం కూలిపోయి ఉంది. విధేయతకు భయం పూర్తిగా పోవాల్సిన అవసరం లేదు ఫ్రెండ్స్. చేతులు వణుకుతున్నా చేసిన విధేయత విధేయతే.

తెల్లారాక ఊరంతా అతన్ని చంపాలని వచ్చింది. అప్పుడు అడ్డు నిలబడింది ఎవరు? తండ్రి యోవాషే. బయలు దేవుడైతే తన పక్షాన తానే వాదించుకుంటాడులే అన్నాడు. గిద్యోను ఎవరికి భయపడ్డాడో ఆ ఇంటి పెద్దే అతని పక్షాన మాట్లాడాడు. ప్రతి ఇంట్లో ఇలాగే జరుగుతుందని నేను చెప్పను. కొందరికి ఇంటి నుంచి మాటలు పడొచ్చు, దూరం పెరగొచ్చు. అది నిజమైన బాధే. కానీ మన మనసులో ఊహించుకున్న ఫలితం ఒక్కటే జరుగుతుందని మాత్రం అనుకోవద్దు.

తర్వాత సైన్యం కూడింది, 32,000 మంది. వాళ్లు దిగిన చోటు హరోదు బావి. హెబ్రీ భాషలో ఆ పేరులో వణుకు అనే అర్థం ఉంది. భయపడేవాళ్లు ఇంటికి వెళ్లిపోవచ్చని చెప్పగానే 22,000 మంది వెళ్లిపోయారు. నీళ్ల దగ్గర పరీక్ష తర్వాత మిగిలింది 300. ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ రాత్రే దేవుడు గిద్యోనుతో, వెళ్లడానికి నీకు భయమైతే నీ పనివాడు పూరాను తోడు తీసుకుని మిద్యానీయుల పాళెం దగ్గరికి వెళ్లి విను అన్నాడు. గిద్యోను వెళ్లాడు! అంటే నాయకుడికి కూడా భయం ఉంది. భయంతో వెళ్లిపోయినవాళ్లకూ అతనికీ తేడా ఒక్కటే: అతను ఆ భయంతోనే దేవుని మాట వెంట నడిచాడు. అక్కడ ఒక శత్రు సైనికుడు యవల రొట్టె గురించి తన కల చెబుతుంటే విన్నాడు. అప్పుడు తెలిసింది, ఎవరికి తను భయపడుతున్నాడో వాళ్లే తనకు భయపడుతున్నారని!

మరి గొర్రెబొచ్చు సంగతేంటి అంటారా? చాలామంది దాన్ని ఫార్ములాలా వాడతారు. "ఈరోజు ఫోన్ వస్తే ఇది దేవుని చిత్తం" అంటూ. కానీ గిద్యోను గుర్తు అడిగేటప్పటికే దేవుని మాట అతనికి స్పష్టంగా వచ్చేసింది. దేవుడు అతని బలహీనతను భరించాడు, అంతే. కాబట్టి ఆవేశంలో జాబ్ రిజైన్ చేయడం, చదువు ఆపేయడం, వాటికి విశ్వాసం అని పేరు పెట్టవద్దు. వాక్యం చూడండి, పెద్దల సలహా తీసుకోండి. నిద్రపట్టనంత, ఊపిరాడనంత ఆందోళన ఉంటే డాక్టర్‌ని కలవండి. అది అవిశ్వాసం కాదు.

ఈ వారం మూడు పనులు చేద్దామా? ఒకటి, ఏం చేయాలో తెలిసి కూడా భయంతో ఆపేసిన ఒక పనిని రాసుకోండి. రెండు, పూరా లాంటి ఒక నమ్మకమైన మనిషికి చెప్పండి, ఒంటరిగా మోయవద్దు. మూడు, అందులో ఇంటి దగ్గర మొదలుపెట్టగల చిన్న అడుగు ఏదో చూసి ఈరోజే వేయండి.

ప్రార్థన చేద్దాం. ప్రభువా, మా భయం నీకు తెలుసు. భయం పోయేవరకు ఆగిపోకుండా, నీవు తోడున్నావని నమ్మి ఒక్క అడుగు వేయడానికి సహాయం చేయి. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.

ఈ మాటలు ఎవరికైనా అవసరం అనిపిస్తే వాళ్లకు పంపండి. మళ్లీ కలుద్దాం. దేవుడు మిమ్మల్ని దీవించును గాక!