తల కోయకుండా మెదడు రక్తనాళాలకు చికిత్స



మెదడులో రక్తస్రావం అంటే బి.పి. ఉన్న పెద్దవాళ్ళకు వచ్చేదని అనుకుంటాం. పిల్లలకూ వస్తుంది. ఆడుకుంటున్న పిల్లవాడు హఠాత్తుగా భరించలేని తలనొప్పి అన్నా, వాంతి చేసుకుని మగతగా పడిపోయినా, ఫిట్స్ వచ్చినా, ఒక చెయ్యి కాలు లాగేసినా మాత్ర వేసి పడుకోబెట్టకండి. 108కి ఫోన్ చేసి, సి.టి. స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

దెబ్బ తగలకుండా పిల్లల మెదడులో రక్తం కారితే, ఎక్కువగా కారణం ఏ.వి.ఎం. అనే లోపం. మామూలుగా ధమనిలోని రక్తం సన్నని కేశనాళికల్లో నెమ్మదించి సిరలోకి చేరుతుంది. ఏ.వి.ఎం.లో ఆ కేశనాళికలు ఉండవు. ధమనులు, సిరలు చిక్కుపడ్డ దారపుండలా నేరుగా కలిసిపోతాయి. ఒత్తిడికి ఎక్కడో ఒకచోట చిట్లుతుంది.

దీనికి రక్తనాళం లోపలి నుంచే చేసే చికిత్స ఉంది. మత్తు ఇచ్చి, గజ్జ దగ్గర ధమనిలోకి కెథెటర్ అనే సన్నని గొట్టం పంపి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ మెదడు దాకా తీసుకెళతారు. రంగుమందు ఎక్కించి నాళాల బొమ్మ తీస్తారు. (మెదడు నాళాలను ఇలా చూడడం 1927లో లిస్బన్‌లో ఎగాస్ మోనిజ్ మొదలుపెట్టాడు.) తరువాత అదే దారిన జిగురులాంటి పదార్థం పంపి చిక్కును మూస్తారు. నాళం బుడగలా ఉబ్బి ఉంటే ప్లాటినం తీగచుట్టలు పెడతారు. ఇవి 1990 నుంచి వాడుకలో ఉన్నాయి.

“కోత లేదట” అనగానే చిన్న పని అనుకోవద్దు. జిగురు దారి తప్పితే పక్షవాతం రావచ్చు. పైగా ఈ చికిత్స కారే చోటును మూస్తుంది గాని, అప్పటికే కారిన రక్తాన్ని తీయదు. పెద్ద గడ్డ మెదడును నొక్కుతుంటే పుర్రె తెరిచి తీయవలసిందే. డాక్టరు ఆ మాట చెప్పినప్పుడు, ఇంకెక్కడో కోయకుండా చేస్తారని పిల్లవాణ్ణి తిప్పితే విలువైన గంటలు పోతాయి.

ప్రాణగండం తప్పాక మాత్రం నిదానంగా అడగండి: జిగురుతో ఎంత భాగం మూయగలరు? మిగిలినదానికి ఏం చేస్తారు? చాలాసార్లు జిగురు ఒక్కటే చాలదు, ఆపరేషనో రేడియేషనో కలపాలి. రేడియేషన్ ఫలితానికి రెండు మూడేళ్ళు పడుతుంది. బెంగళూరు నిమ్హాన్స్, తిరువనంతపురం శ్రీ చిత్ర, వెల్లూరు సి.ఎం.సి.లలో ఈ చికిత్స చేస్తారు.

ఖర్చు సంగతి నా వృత్తి వల్ల చెప్పకుండా ఉండలేను. 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్‌లో అర్హులైన కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు రక్షణ ఉంది. అయితే జిగురు, తీగచుట్టల ధర ప్యాకేజీలో కలిసిందో లేదో ముందే కాగితం మీద రాయించుకోండి. బిల్లులతో పాటు ఆంజియోగ్రాం సి.డి., డిశ్చార్జి సమ్మరీ కూడా దాచండి. పిల్లల్లో పూర్తిగా మూసుకున్న ఏ.వి.ఎం. కూడా కొన్నేళ్ళకు మళ్ళీ కనిపించవచ్చు. అప్పుడు కొత్త డాక్టరు మొదట అడిగేది ఆ సి.డి.నే.