తక్కువ వెలలో గాలపు రీలు

చేపల గాలమునకు రీలెట్లు కొనవలెనో తెలుపు వ్యాసము పాఠశాల సంచికలో నేలయని పెద్దలు కొందఱు ముక్కున వ్రేలు వేసికొందురేమో. అట్టివారు సెలవునాటి సాయంకాలము మీర్‌పేట పెద్దచెఱువు వైపునకు ఒకపరి వాహ్యాళి పోయి చూతురుగాక. అల్మాస్‌గూడ నుండియు బడంగ్‌పేట నుండియు వచ్చిన బాలురు గట్టున కూర్చుండి చేపలకంటె రీళ్లను గూర్చియే హెచ్చుగా వాదించుకొనుచుందురు. "నీ రీలుకు ఎన్ని బేరింగులురా?" "పండ్రెండు." "నాదానికి పదునాలుగు." ఈ లెక్క చెప్పి తండ్రుల యొద్ద వేయి రూపాయలు తీసికొన్నవారిని మేమెఱుగుదుము. ఆ రూపాయలు నీళ్లపాలు కాకుండుటకై మాకు తెలిసిన నాలుగు మాటలు ఇచ్చట వ్రాయుచున్నాము.

మొదట నొక పొరపాటును తొలగింపవలయును. ఇట్టి రీళ్లను గూర్చి మన బాలురకు చేరు సలహాలలో చాల భాగము బాస్ అను చేప నుద్దేశించి చెప్పినవి. అది ఉత్తర అమెరికా చేప. టెక్సాసు మొదలగు రాష్ట్రములలో నుద్యోగములు చేయు మన బంధువులు అచ్చటి జలాశయములలో దానిని పట్టి, ఛాయాచిత్రము పంపి, ఫలానా రీలు కొనుమని ఇచ్చటి తమ్ములకు చెప్పుచుందురు. మన చెఱువులలో బాస్ లేదు. కాని దాని వలెనే బ్రతుకు చేప యొకటి మనకు కలదు. అదియే కొఱమీను, మన తెలంగాణమునకు రాష్ట్ర మత్స్యము. మృగశిర కార్తెనాడు దాని వెల అడిగి మాటాడక తిరిగివచ్చిన గృహస్థులకు దానిని వేఱుగా పరిచయము చేయనక్కఱలేదు. బాస్ వలెనే కొఱమీనును తుంగలోను తామరాకుల నీడలోను పొంచియుండి, కప్ప గాని చిన్న చేప గాని సమీపింపగానే ఒక్క పెట్టున మీద దుముకును. గాలి పీల్చుకొనుటకై అది నడుమ నడుమ నీటి పైకి వచ్చును. ఆ కదలికను చూచియే అనుభవజ్ఞులు దాని తావును గుర్తింతురు. కావున బాస్ కొఱకు చెప్పిన రీలు చాలవఱకు దీనికిని సరిపోవును. భేదమెచ్చటననగా, తెఱపి నీటిలో చేపను కొంతసేపు పరుగెత్తనిచ్చి అలసిన పిమ్మట లాగవచ్చును. తుంగలోని కొఱమీనుకు అట్టి యవకాశ మిచ్చితిమా, అది దారమును నాచునకు చుట్టి తెంపుకొని పోవును. ఎర పట్టిన క్షణము నుండియు దానిని బలముగా ఇవతలికి లాగవలయును. మనకు కావలసిన రీలు ఆ లాగుటకు తాళవలయును.

జిలేబీ చేపలకును పరిగెలకును మాత్రము రీలుతో పనిలేదు. వెదురు కఱ్ఱ, బెండు, వానపాము ఉండిన చాలును. ఈ మాట రీళ్లమ్మువారికి రుచింపదు గాని, పదేండ్ల పిల్లవానికి ముందుగా వెదురు కఱ్ఱ యిచ్చుటయే మంచిదని మా యభిప్రాయము.

రీలు పనిచేయు విధమును తెలిసికొన్నచో సగము బేరము కుదిరినట్లే. దానికి దూరము పోనక్కఱలేదు. ఎల్.బి. నగరము దాటి విజయవాడ బాటను కొంత దూరము పోయి, ఎడమకు తిరిగి, భూదాన్ పోచంపల్లి చేరి మగ్గము నొద్ద నిలిచి చూడుడు. నాడె యటునిటు పరుగెత్తుచుండగా దానిలోని కండె తిరుగదు. నూలు ఆ కండె కొననుండి సుళ్లు సుళ్లుగా జాఱి వచ్చుచుండును. మన స్పిన్నింగు రీలు సూత్రమును ఇదియే. పూర్వపు రీళ్లలో దారము పోవునపుడు దారపుచుట్ట కూడ గిరగిర తిరుగవలసి యుండెను. తేలికయైన ఎరకు దానిని త్రిప్పు బలము లేదు. చుట్ట యొకసారి వేగమందుకొన్నచో ఆగక, దారమంతయు పిచ్చుకగూడు వలె చిక్కుపడెడిది. మద్రాసు సివిలు సర్వీసులో నుద్యోగియైన హెన్రీ సలివన్ తామస్ 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' యనియు, 1887లో 'ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా' యనియు గ్రంథములు ప్రకటించెను. మన దేశపు చెఱువులలో గాలము వేయుటకే యొక గ్రంథము వ్రాసిన ఆయన కాలమునకు నేటి స్పిన్నింగు రీలు ఇంకను పుట్టలేదు. స్కాట్లండులోని పెర్తు పట్టణపు మాలక్ 1884లో దారపుచుట్టను ప్రక్కకు త్రిప్పి విసరు రీలునకు పేటెంటు పొందెను. పిమ్మట 1905లో ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డు పట్టణమున నేత పరిశ్రమకు చెందిన ఆల్ఫ్రెడ్ హోల్డెన్ ఇల్లింగ్‌వర్త్ అనునాతడు దారపుచుట్టను కదలకుండ నిలిపి, దాని చుట్టును దారము చుట్టు ఏర్పాటునకు పేటెంటు పొందెను. మగ్గముల నడుమ పెరిగినవానికి ఈ యూహ తోచుట వింత గాదు.

ఇక మా సొంత కథ యొకటి చెప్పక తప్పదు. మేము మొట్టమొదట కొన్న రీలు బంగారు రంగుతో ధగధగ మెఱయుచుండెను. వెల 650 రూపాయలు. పెట్టె మీద పండ్రెండు బేరింగులని ముద్రించియుండెను. ఇబ్రహీంపట్నము దారిలోని యొక కుంటలో, అనుమతి గైకొని, రబ్బరు కప్పను తుంగ మీదుగా లాగుచుండగా కొఱమీను దానిని పట్టినది. మేము కఱ్ఱ నెత్తగానే రీలులో టక్కున శబ్దమై, పిడి వెనుకకు గిఱ్ఱున తిరిగి మా వ్రేళ్ల కణుపులను కొట్టినది. దారము వదులైనది, చేప నాచులో దూఱినది, దారము తెగినది. వ్రేళ్ల నొప్పి రెండు దినములలో తగ్గెను. కాని రెండు కొంకుల గాలమును నోటనుంచుకొని పోయిన ఆ చేప ఏమైనదో యను తలంపు మమ్ము చాలకాలము బాధించినది. పిదప రీలు విప్పి చూడగా, వెనుకకు తిరుగనీయక ఆపవలసిన చిన్న లోహపు ముక్క వంగిపోయి యుండెను. పండ్రెండు బేరింగులలో కొన్ని గరగరలాడుచుండెను. లెక్కకు పండ్రెండే గాని పనికివచ్చినవి రెండో మూడో!

కనుక అంగడిలో బేరింగుల లెక్క చూడకుడు. మంచి బేరింగులు మూడు నాలుగున్న చాలును. రీలును చేతికి తీసికొని, పిడిని కదలనీయక పట్టుకొని, దారము చుట్టు భాగమును వెనుకకు నెట్టి చూడుడు. అది వెంట్రుకవాసి మాత్రమే కదలి నిలిచినచో మంచిది. వ్రేలెడు వెనుకకు పోయి టక్కుమని యాగినచో దానిని బల్ల మీదనే యుంచి రండు. మా రీలును మేమిట్లు పరీక్షించియున్నచో 650 రూపాయలు మిగిలెడివి. తరువాత పిడిని మెల్లగా త్రిప్పుచు, కన్నులు మూసికొని, వ్రేళ్లతో లోపలి పండ్లచక్రముల నడక నరయుడు. ఇసుక నలిగినట్లు తోచరాదు. దారమును త్రోవ చూపు తీగ కమానును, అనగా బెయిలును, పదిసార్లు తెఱచి మూయుడు. దాని మూలనున్న చిన్న కప్పీ వ్రేలితో త్రిప్పగా తిరుగవలయును. తిరుగని కప్పీ దారమును రంపము వలె కోయును.

అన్నిటికంటె ముఖ్యమైనది డ్రాగు అను బిగింపు. చేప మిక్కిలి బలముగా గుంజినపుడు దారము తెగక, కొంచెము కొంచెముగా జాఱునట్లు చేయునది ఇదియే. అంగడివాని సెలవు గైకొని రీలుకు కొంత దారము చుట్టించి, బిగింపు మఱను సగము బిగించి, దారమును చేతితో లాగి చూడుడు. అది పట్టు మీద చీర జాఱినట్లు జాఱవలయును. మొదట కదలక యుండి, పిమ్మట ఒక్క కుదుపుతో విడుచు రీలు ఎంత యందమైనదైనను వలదు. ఆ కుదుపులోనే దారము తెగును. పెట్టె మీద పది కిలోల బిగింపని వ్రాసినంత మాత్రమున సంబరపడవలదు. దారము తాళు బరువులో మూడవవంతుకు మించి బిగించుట సామాన్యముగా తగదు. దారము తొమ్మిది కిలోలకు తెగునదైనచో మనకు కావలసిన బిగింపు మూడు కిలోలు. కొలుచుటకు మన భౌతికశాస్త్ర ప్రయోగశాలలోని స్ప్రింగు త్రాసు చాలును. దారపు కొనను దాని కొక్కెమునకు కట్టి లాగి, దారము జాఱుట మొదలిడునపుడు ముల్లెచ్చట నిలిచెనో చూచుకొనుడు.

రీళ్ల పరిమాణమును వేల సంఖ్యలతో తెలుపుదురు. మన చెఱువులకు 2500 గాని 3000 గాని తగును. కొఱమీనే గుఱియైనచో 3000 మేలు. పిడి యొక చుట్టు తిరిగిన దారము చుట్టు భాగమెన్ని చుట్లు తిరుగునో తెలుపు సంఖ్య మఱియొకటి యుండును. దీనిని గణితము చదువు బాలురు సులువుగా గ్రహింపవచ్చును. దారపుచుట్ట వ్యాసము నాలుగున్నర సెంటీమీటరులైనచో దాని చుట్టుకొలత సుమారు 14 సెంటీమీటరులు. సంఖ్య 5 అయినచో పిడి యొక చుట్టునకు 70 సెంటీమీటరుల దారము లోపలికి వచ్చును. సంఖ్య 6 అయినచో 84. హెచ్చు సంఖ్య వదులైన దారమును త్వరగా లాగుకొనును గాని, బరువు లాగునపుడు చేతికి శ్రమ కలిగించును. అయిదుకును ఆఱుకును నడుమనున్నది మొదటి రీలుకు చాలును.

వెల మాట. పేరు ఊరు లేని రీళ్లు అయిదాఱు వందలకే దొరకును. షిమానో, డైవా, ఒకుమా, ఆబు గార్సియా వంటి ప్రసిద్ధ సంస్థల రీళ్లలో చివరి తరగతివి రెండు వేల రూపాయలకు కొంచెము అటునిటుగా నుండును. షిమానో సంస్థ 1921లో జపానునందలి సకాయి పట్టణమున సైకిలు భాగములు చేయుటతో మొదలైనది. సైకిలు పండ్లచక్రములు చేయనేర్చినవారికి రీలు పండ్లచక్రములు కష్టమగునా? మా సలహా ఏమనగా, రెండు వందలు తక్కువైనచో ఆఱు వందల రీలు కొని తృప్తిపడక, మఱి రెండు నెలలాగి ఆ చివరి తరగతి రీలునే కొనుడు. అంతకు పై తరగతి రీలు విద్యార్థికి అక్కఱలేదు. లోహపు ఒడలున్నదే కావలెనని పట్టుపట్టనక్కఱలేదు; దారపుచుట్ట మాత్రము లోహముదైన మంచిది. ఒకటి చెడిన మఱియొకటి వేయుటకు ఆ చుట్ట విడిగా దొరకునా యని అడిగి తెలిసికొనుడు.

మిగిలిన సొమ్మును దారము మీద ఖర్చుపెట్టుడు. అల్లిన దారము తుంగను కోసికొని వచ్చును గాని వెల హెచ్చు. అడుగున చవుకయైన నైలాను దారమును సగము వఱకు చుట్టి, దానికి ముడివేసి పైన అల్లిన దారము చుట్టినచో ఖర్చు తగ్గును. అల్లిన దారము నున్నని లోహము మీద జాఱిపోవు దోషమును పోవును. చుట్ట అంచునకు రెండు మిల్లీమీటరుల దిగువ వఱకు నింపుడు. అంతకు తక్కువైనచో దారము అంచును ఒరసికొని ఎర దూరము పోదు. మిక్కిలి నింపినచో సుళ్లు సుళ్లుగా ఒకేసారి ఊడిపడును.

కొత్తవారు చేయు తప్పిదమొకటి కలదు. చేప దారమును లాగుకొని పోవుచుండగా ఆతురతతో పిడిని త్రిప్పుచునే యుందురు. దారము లోపలికి రాదు. కాని పిడి యొక్కొక్క చుట్టునకు దారములో అయిదేసి మెలికలు పడును. ఇరువదిసార్లు త్రిప్పినచో నూఱు మెలికలు! మఱునాడు దారము చిక్కుపడినదని రీలును తిట్టుదురు. చేప లాగునపుడు చేయి యాపుడు. అది యాగినపుడు త్రిప్పుడు.

మన చుట్టునున్న చెఱువులలో చేపల హక్కు చాలచోట్ల మత్స్యకారుల సహకార సంఘములకు ఉండును. వారు పిల్లలను విడిచి పెంచుకొన్న చేప వారి పంట. అనుమతి లేనిదే గాలము వేయరాదు. పట్టణపు మురుగు చేరు చెఱువులో పట్టిన చేపను ఇంటికి తెచ్చి వండనూ రాదు. వానకాలమున కొఱమీను పిల్లలు ఎఱ్ఱని గుంపుగా నీటి పైన మెదలుచుండగా తల్లిదండ్రులు క్రింద కాపలా కాయుచుండును. అప్పుడు కప్పను విసరినచో ఆకలిచే గాక కోపముచే వచ్చి పట్టును. దానిని పట్టితిమా, పిల్లలన్నియు ఇతర చేపల పాలగును. ఎఱ్ఱగుంపు కనబడిన చోట మేము గాలము వేయము.

ఆ దినములలో రీలును తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, పిడి మొదటను కప్పీకిని ఒక్కొక్క బొట్టు నూనె వేసి, డ్రాగు బిగింపును పూర్తిగా సడలించి దాచుడు. బిగించియుంచినచో లోపలి బిళ్లలు అణగి, మఱుసటి వేసవికి ఆ కుదుపు వచ్చును. రీలును నీళ్లలో ముంచి కడుగకుడు. ఇసుక లోపలికి పోవును.