కొండ మీద మంట, గదిలో సెగ

మాసి నెల దాటితే చాలు, వత్రాప్‌లో మిద్దె ఎక్కినవాళ్లకు పడమటి కొండ మీద కొన్ని రాత్రులు ఎర్రటి గీత కనబడుతుంది. ఎండు గడ్డికి నిప్పంటుకొని పాకుతా ఉంటుంది. "చదురగిరి పక్క కాలుతుంది రా" అని ఒకరు కేకేస్తే వీధంతా మిద్దెల మీదే. తెల్లారితే తానిపారై గేటు మూత. అమాసకు కొండెక్కాలని వచ్చినవాళ్లు వెనక్కి తిరగాల్సిందే.

ఆ గేటు ఊరికే మూయరు. 2018 మార్చి 11న, మనకు పైన తేని జిల్లా కురంగణి కొండల్లో, చెన్నై, తిరుప్పూరు వైపు నుంచి నడకకు వచ్చినవాళ్లు మంటల్లో చిక్కుకున్నారు. ఇరవైమందికి పైగా పోయారు. హెలికాప్టర్లు వచ్చాయి, విచారణ వేశారు, ఎండకాలం నడకలు ఆపారు. 2021 ఫిబ్రవరిలో మన కొండ శ్రీవిల్లిపుత్తూరు-మేగమలై పులుల అడవిలో చేరింది. ఇప్పుడు మంట లేస్తే ఉపగ్రహం కనిపెట్టి అటవీ శాఖకు కబురు పంపుతుంది. అన్నీ సరిగా ఉన్నాయని కాదు, అడిగితే జవాబు చెప్పే ఆఫీసొకటి ఉంది.

అదే ఎండ మన బాడిగ గదుల్లోకి వస్తే ఎవరిని అడగాలి?

2024 అక్టోబరులో తమిళనాడు ప్రభుత్వం వడగాడ్పును రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. చనిపోతే ఇంటివాళ్లకు నాలుగు లక్షలు. మంచిదే. కానీ నిద్రలేక మిల్లులో ఫ్రేము ముందు తూలేవాళ్లు ఆ లెక్కలోకి రారు.

మన నిద్ర షిఫ్టును బట్టి, పైకప్పును బట్టి ఉంటుంది. రేకు కప్పు పలచన, మధ్యాహ్నానికి పెనం మాదిరి కాలి పొద్దు పోయాక తొందరగా చల్లారుతుంది. రాత్రి షిఫ్టు ముగించి పగలు పడుకునేవాళ్లకు అది శత్రువు. కాంక్రీటు మిద్దె పగలంతా ఎండ తాగి రాత్రంతా కక్కుతుంది. పగటి షిఫ్టు వాళ్లకు అది శత్రువు. మొగుడొక షిఫ్టు, పెండ్లామొక షిఫ్టు అయితే ఏ గది చూసుకోవాలి చెప్పండి?

ఫ్యానే దిక్కు. మామూలు ఫ్యాను 75 వాట్లు. ఎవరో ఒకరు పడుకొనే ఇంట్లో రోజుకు 20 గంటలు తిరిగితే ఒకటిన్నర యూనిట్, రెండు నెలలకు 90. ప్రభుత్వం ఇచ్చే ఉచిత 100 యూనిట్లు ఒక్క ఫ్యానుకే సరి. అదీ మన గదికి వేరే ఈబీ కార్డు ఉంటేనే. లైను మొత్తానికి ఒకే మీటరయితే ఆ 100 ఓనరు బిల్లులో కలిసిపోతుంది, మనకు ఆయన చెప్పిందే రేటు.

చట్టం లేదా అంటే ఉంది. 2019 ఫిబ్రవరిలో అమలుకొచ్చిన బాడిగ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉండాలి, ఇండ్లకు అడ్వాన్సు మూడు నెలల బాడిగకు మించకూడదు, కరెంటూ నీళ్లూ కోయకూడదు, గోడలకు సున్నం, వైరింగు ఓనరు పని. గది ఎంత వేడిగా ఉండొచ్చో ఒక్క మాట లేదు. ఇండ్లలో వేడి తగ్గించే కేంద్ర నియమం, ఎకో నివాస్ సంహిత, 2018 డిసెంబరులో వచ్చింది. పైకప్పు గుండా ఎంత వేడి దిగొచ్చో అందులో హద్దుంది. అయితే అది కొత్తగా కట్టే ఇండ్లకు, అందులోనూ 500 చదరపు మీటర్ల స్థలం, అంటే పన్నెండు సెంట్లు దాటితేనే. ఎప్పుడో ఆరు సెంట్లలో కట్టిన లైనుకు అంటదు. తెలంగాణ 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది, చిన్న ఇండ్లకు అక్కడా బలవంతం లేదు. ఇంగ్లండులో మాత్రం కరెంటు, గ్యాసు ఖర్చును బట్టి ఇంటికి గ్రేడు ఇస్తారు. మరీ కింది గ్రేడు ఇల్లు బాడిగకు ఇవ్వకూడదు. వాళ్ల బాధ చలి, అంతే తేడా.

పోయినేడు మా లైను ఆడవాళ్లం కలిసి మిద్దెకు సున్నం కొట్టించమని ఓనరమ్మను అడిగాం. "కొట్టిస్తే బాడిగ పెంచాల్సొస్తుందమ్మా" అనింది. రెండు వారాలు నలిగింది ఆ మాట. ఆఖరికి సున్నం, బంక మేము కొన్నాం, కూలి ఆమె ఇచ్చింది. (ఆస్బెస్టాస్ రేకయితే ఎక్కకండి, విరుగుతుంది. గీకితే వచ్చే దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.) తెల్లటి కప్పు ఎండను తిప్పి కొడుతుంది. గది చల్లగా అయిపోలేదు గానీ, రాత్రి ఫ్యాను కింద నిప్పుగాలి తగ్గింది, చంటిబిడ్డ నిద్రపోయింది.

వానలకు ఆ పూత సగం కొట్టుకుపోయింది. చిత్తిరై లోపల రెండో పూత వేయాలి. ఈసారి సున్నం ఖర్చు ఒప్పందంలో రాయమని అడుగుతున్నాం. ఆమె ఇంకా ఏమీ చెప్పలేదు.