వెండి గుడ్లగూబ అసలుదేనా?

క్రిందటి వేసవి సెలవుల్లో మా పాత విద్యార్థి ఒకడు ఇంటికి వచ్చాడు. ఓడ మీద ఇంజనీరుగా పనిచేస్తున్నాడు. జేబులోంచి చిన్న పొట్లం తీసి, "మాస్టారూ, ఇది ఏథెన్సులో కొన్నానండి. రెండువేల నాలుగువందల ఏళ్ళనాటి వెండి నాణెమట. అతని దగ్గరే ఇలాంటిది ఇంకోటి ఉంది. దాని ఫోటో తెచ్చుకున్నాను. మళ్ళీ వెళ్ళినప్పుడు కొనమంటారా?" అని అడిగాడు. ఆ రెండోదానికి చెప్పిన ధర అతని రెండు నెలల జీతం.

నాణెం చూడ ముచ్చటగానే ఉంది. ఒకవైపు శిరస్త్రాణం పెట్టుకున్న ఎథీనా దేవత ముఖం. రెండోవైపు గుడ్లగూబ, దాని వెనక ఆలివ్ రెమ్మ, చిన్న నెలవంక, ముందు మూడు గ్రీకు అక్షరాలు. క్రీస్తుకు పూర్వం అయిదో శతాబ్దంలో మధ్యధరా సముద్రతీరమంతటా చెలామణి అయిన నాణెం ఇదే. ఏథెన్సుకు ఆగ్నేయంగా ఉన్న లారియన్ గనుల్లో సీసపు ఖనిజం నుంచి తీసిన వెండితో దీన్ని చేసేవారు. నాలుగు డ్రాక్మాల విలువ, సుమారు 17.2 గ్రాముల బరువు.

నేను నాణేల నిపుణుణ్ణి కాను, బడిలో సామాన్యశాస్త్రం చెప్పుకునేవాణ్ణి. అయితే త్రాసు, నీళ్ళు, దారం, భూతద్దం మా బడిలో ఉన్నాయి. "పద, చూద్దాం" అన్నాను.

దొంగనాణెం ఈనాటి బెడద కాదు. రాగిబిళ్ళకు పల్చని వెండిరేకు చుట్టి, వేడిచేసి అతికించి, దానిమీద ముద్ర కొట్టడం ఆ రోజుల్లోనే ఉంది. క్రీ.పూ. 406 ప్రాంతంలో, స్పార్టాతో యుద్ధం వల్ల వెండి నిండుకున్నప్పుడు, సాక్షాత్తూ ఏథెన్సు ప్రభుత్వమే ఇలాంటి పూతనాణేలు వేసింది! తరువాత క్రీ.పూ. 375–374లో అక్కడివారు ఒక చట్టం చేశారు. అది చెక్కిన రాతిపలక 1970లో ఏథెన్సు పాత బజారు తవ్వకాల్లో బయటపడింది. దాని ప్రకారం బజారులో ఒక పరీక్షకుడు కూర్చోవాలి. అతడు ప్రభుత్వ బానిస. లోపల రాగిగాని సీసంగాని ఉన్న నాణెం తన ముందుకొస్తే అక్కడికక్కడే నరికివేయాలి. పరాయిచోట కొట్టిన నకలైనా వెండి మంచిదైతే తెచ్చినవాడికే తిరిగి ఇచ్చేయాలి. విధికి రాకపోతే పరీక్షకుడికి యాభై కొరడాదెబ్బలు. ఏథెన్సులోనే కాదు, దూరదేశాల్లో కూడా వర్తకులు నాణేలకు గాటుపెట్టి లోపలి లోహం చూసుకునేవారు. ఈజిప్టు, పడమటి ఆసియాల్లో దొరికిన అసలైన గుడ్లగూబల మీద ఆ ఉలిగాట్లు ఇప్పటికీ కనిపిస్తాయి.

మేము గాటు పెట్టదలచుకోలేదు. మొదట అయస్కాంతం చూపాం. నాణెం అంటుకోలేదు. కుర్రవాడి మొహం వికసించింది. "తొందరపడకు" అన్నాను. వెండి అయస్కాంతానికి అంటదు, నిజమే. కాని రాగి కూడా అంటదు, సీసం అంటదు, తగరం అంటదు, ఇత్తడి అంటదు. అంటుకుని ఉంటే దొంగదని తేలిపోయేది. అంటుకోనంత మాత్రాన అసలుదని తేలలేదు. ఈ తేడా బాగా పట్టుకోండి. ఇకముందు చేసే ప్రతి పరీక్షా ఇలాంటిదే.

తరువాత తూచాం. 15.30 గ్రాములు! దాదాపు రెండు గ్రాములు తక్కువ. వాడకంలో అరిగి ఉండవచ్చు కదా అంటారేమో. అంత అరిగితే గుడ్లగూబ ఈకలు ఇంత స్పష్టంగా మిగలవు. అయినా ఒక్క అనుమానంతో తీర్పు చెప్పకూడదని సాంద్రత చూద్దామన్నాను.

మీరు తొమ్మిదో తరగతిలో చదివే ఆర్కిమెడీస్ సూత్రమే ఇది. నాణేన్ని సన్నని దారంతో త్రాసు కొక్కేనికి వేలాడదీసి, బీకరులోని నీళ్ళలో పూర్తిగా మునిగేలా ఉంచి తూచాలి. గాలిబుడగలు అంటుకుంటే చిన్న కుంచెతో తుడిచేయాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. నీటిలో ఎన్ని గ్రాములు తగ్గితే నాణెం ఘనపరిమాణం దాదాపు అన్ని ఘనసెంటీమీటర్లు. గాలిలో బరువును ఆ తరుగుతో భాగిస్తే సాంద్రత వస్తుంది. స్వచ్ఛమైన వెండికి ఇది 10.49, రాగికి 8.96, సీసానికి 11.34.

ముందుగా మా త్రాసును నమ్మవచ్చో లేదో తేల్చుకోవాలి గదా! మా అమ్మ దాచిన ఐదో జార్జి రూపాయి తెచ్చాను. అందులో నూటికి 91.7 పాళ్ళు వెండి అని తెలుసు. గాలిలో 11.60 గ్రాములు తూగింది, నీటిలో 1.12 తగ్గింది. సాంద్రత 10.36. లెక్కప్రకారం రావలసిన 10.34కు బాగా దగ్గర. త్రాసు నిజమే చెబుతోంది.

ఇప్పుడు గుడ్లగూబ వంతు. నీటిలో 1.78 గ్రాములు తగ్గింది. 15.30ని 1.78తో భాగిస్తే 8.6. కుర్రవాడు లెక్క మళ్ళీ చేశాడు, మళ్ళీ 8.6 వచ్చింది. ఏ లోహమో దీన్నిబట్టి చెప్పలేం. జర్మన్ సిల్వర్ అనే గొప్ప పేరు పెట్టుకుని వెండి రవ్వంతైనా లేని రాగి, జింకు, నికెల్ మిశ్రమం కావచ్చు, వెండిపూత పూసిన ఇత్తడి కావచ్చు. లారియన్ వెండి మాత్రం కాదు. ఒకరకంగా అతను అదృష్టవంతుడే. గ్రీసులో అసలైన పురాతన నాణేన్ని అనుమతి లేకుండా దేశం దాటించడం నేరం.

"మరి 10.5 వచ్చి ఉంటేనో?" అన్నాడు. మంచి ప్రశ్న. 86 గ్రాముల సీసం, 14 గ్రాముల తగరం కలిపి కరిగించండి. ఆ మిశ్రమం సాంద్రత సుమారు 10.5, అచ్చం వెండిలాగే! అయితే అది మెత్తన, రాతిమీద వేస్తే ఖంగుమనదు. మోగుడు పరీక్షను కూడా గుడ్డిగా నమ్మకండి. వేల ఏళ్ళు భూమిలో ఉన్న వెండి ఒక్కోసారి పెళుసెక్కి, లోపల సన్నని బీటలు పడుతుంది. అలాంటి అసలు నాణెం కూడా మొద్దుగానే మోగుతుంది. పైగా కిందపడితే విరిగిపోవచ్చు.

అన్నిటికంటె గడుసువాడు మంచి వెండితోనే దొంగనాణెం చేసేవాడు. జర్మనీలో బెకర్ అనే ఆయన (1772–1830) మూడువందలకు పైగా ప్రాచీన నాణేలకు స్వయంగా అచ్చులు చెక్కాడు. నాణేలకు పాతదనం తెప్పించడానికి ఇనుపరజను, జిడ్డు నింపిన పెట్టెలో వాటిని వేసి, బండి ఇరుసుకు కట్టి తిప్పేవాడని చెబుతారు. అలాంటివాటికి త్రాసు చాలదు. పూర్వం సీసపు ఖనిజంనుంచి తీసిన వెండిలో కొద్దిపాటి సీసం, రవ్వంత బంగారం మిగిలేవి. ఈనాడు విద్యుత్తుతో శుద్ధిచేసిన వెండిలో అవి దాదాపు ఉండవు. కనుక మరీ స్వచ్ఛంగా ఉండటమే దొంగను పట్టిస్తుంది! ఎక్స్‌రే యంత్రాలతో ప్రయోగశాలల్లో ఇది చూస్తారు. ఆ కిరణాలు పైపొరను మాత్రమే చదువుతాయి కనుక అక్కడా జాగ్రత్త అవసరమే.

మా కుర్రవాడి రెండో నాణేనికి అంత దూరం పోనక్కరలేకపోయింది. అది ఏథెన్సులో ఉంది, మన దగ్గర ఫోటోయే ఉంది. దాన్ని తెల్లకాగితం మీద పెట్టి, పక్కన చేతిలో ఉన్న నాణెం ఉంచి, భూతద్దం ఇచ్చాను.

ఏథెన్సువారు నాణేలను పోత పోయలేదు. వేడిచేసిన వెండిబిళ్ళను రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టారు. ఒకే అచ్చుతో వెయ్యి కొట్టినా ఏ రెండూ ఒకలా రావు. బిళ్ళ ఒకసారి కుడికి జరుగుతుంది, ఒకసారి ఎడమకి. ఒకదాని అంచు ఒకచోట చిట్లుతుంది, ఇంకోదానిది మరోచోట. పోతనాణెం సంగతి వేరు. ఏదో ఒక నాణేన్ని నమూనాగా పెట్టి తీసిన మూసలో లోహం పోస్తారు. నమూనాలోని గీతతో, గంటుతో సహా అన్నీ దిగుతాయి. చల్లారేటప్పుడు లోహం ముడుచుకుని కొంచెం చిన్నదవుతుంది. గాలిబుడగల వల్ల సూదిమొనంత గుంటలు పడతాయి. అంచుమీద మూస రెండు భాగాలూ కలిసిన అతుకుగీత ఉంటుంది, దాన్ని ఆకురాయితో రుద్దేస్తారు.

మన నాణెం మీద గుంటలున్నాయి. అంచు పొడుగునా ఆకురాయి గీతలున్నాయి. కుర్రవాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత భూతద్దం ఫోటో మీదికి జరిపి, "మాస్టారూ, గుడ్లగూబ తోక దగ్గర అంచు చిట్లింది చూడండి" అన్నాడు. చేతిలోని నాణేనికీ అక్కడే చిట్లింది. అంతే పొడవు, అదే వంకర. ఆలివ్ ఆకు మీది గంటు కూడా రెండింటికీ ఒక్కచోటే ఉంది. రెండూ ఒకే మూస పిల్లలు.

బేరం మానుకున్నాడు. మొదటి నాణేన్ని మా ప్రయోగశాలకే ఇచ్చి వెళ్ళాడు. జూన్‌లో బడి తెరవగానే తొమ్మిదో తరగతివాళ్ళు దాన్ని తూచారు. ఇద్దరికి 8.6 వచ్చింది, ఒకడికి 8.1. గాలిబుడగ తుడవడం మరిచిపోయాడు.