అమ్మకిచ్చిన మాట కోసం నాలుగేళ్లు ఆగిన ఆటగాడు

(మా గ్రామీణ విలేకరి)

మన జిల్లాలో పొగాకు వేసే రైతుకు వర్జీనియా అనే మాట కొత్త కాదు. నారు పోసిన నాటి నుంచి బ్యారన్‌లో ఆకు కాల్చి, చెక్కు కట్టి, టంగుటూరు వేలం కేంద్రానికి తోలేదాకా ఆ మాట నోట్లో నానుతూనే ఉంటుంది. ఆ పొగాకు మీదనే పెరిగిన ఊరు ఒకటి అమెరికాలో ఉత్తర కరోలినా రాష్ట్రంలో ఉన్నది. దాని పేరు విన్‌స్టన్-సేలం. రెనాల్డ్స్ అనే ఆయన 1875లో అక్కడ పొగాకు ఫ్యాక్టరీ పెట్టాడు. ఊరి పేరులోని రెండు ముక్కలూ తర్వాత రెండు రకాల సిగరెట్లకు పేర్లయినాయి. వేక్ ఫారెస్ట్ అనే పాత కాలేజీ ఒకటి 1956లో వేరే ఊరి నుంచి మొత్తంగా తరలి ఇక్కడికి వచ్చింది. రప్పించింది కూడా పొగాకు సొమ్మే.

ఇంతకూ చెప్పబోయేది పొగాకు సంగతి కాదు. ఆ కాలేజీలో 1993 నుంచి 1997 దాకా చదువుకుంటూ బాస్కెట్‌బాల్ ఆడి, పట్టా పుచ్చుకుని బయటికి వచ్చిన టిమ్ డంకన్ అనే కుర్రవాడి సంగతి. ఆ తర్వాత అతను ఎంతవాడయినాడో ఆట తెలిసిన వాళ్లకు చెప్పనక్కరలేదు. అయినా ఈ విలేకరి అభిమానం గట్టిపడింది మాత్రం ఆ నాలుగేళ్ల కాలేజీ కాలం గురించి తెలుసుకున్న తర్వాతనే.

ఈదబోయిన పిల్లవాడు

డంకన్ పుట్టింది 1976 ఏప్రిల్ 25న, కరేబియన్ సముద్రంలోని సెయింట్ క్రోయ్ అనే చిన్న దీవిలో. వర్జిన్ ఐలండ్స్ అనే ఆ దీవులను అమెరికా 1917లో డెన్మార్క్ దగ్గర కొన్నది. తండ్రి తాపీ మేస్త్రీ. తల్లి అయోనీ కాన్పులు చేసే మంత్రసాని. ఇద్దరు అక్కలు. చిన్నక్క ట్రీషా 1988 సియోల్ ఒలింపిక్స్‌లో ఈత పోటీల్లో పాల్గొన్నది. తమ్ముడు కూడా అదే దారి పట్టాడు. 400 మీటర్ల ఈతలో దిట్ట అనిపించుకున్నాడు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌కు వెళ్లాలన్నది ఇంట్లో అందరి కోరిక. అప్పటికి బాస్కెట్‌బాల్ మాటే లేదు.

1989 సెప్టెంబరులో హ్యూగో తుపాను వచ్చింది. 1977 నాటి దివిసీమ ఉప్పెన సంగతి పెద్దల నోట విన్నవారికి అదెలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. ఇళ్ల కప్పులు లేచిపోయాయి. దీవి మొత్తానికి ఒలింపిక్స్ కొలతల ఈతకొలను ఒక్కటే ఉండేది. అది కూడా పాడయింది. సముద్రంలో ఈదుకోండని మాస్టర్లు చెప్పారు. చుట్టూ నీళ్లే గదా! అయితే ఈ పిల్లవాడికి షార్క్ చేపలంటే చచ్చేంత భయం. సముద్రంలో సాధన చేయలేకపోయాడు. ఒలింపిక్స్‌కు పోదామనుకున్నవాడు చేపకు భయపడ్డాడా అని నవ్వేవారు నవ్వవచ్చు. పదమూడేళ్ల పిల్లవాడు మరి.

ఆ తుపాను దెబ్బ తగిలిన కొద్ది నెలలకే తల్లి పోయింది. రొమ్ము క్యాన్సర్. 1990 ఏప్రిల్ 24న కన్నుమూసింది. తెల్లవారితే కొడుకు పద్నాలుగో పుట్టినరోజు. ఆ తర్వాత అతను మళ్లీ ఈత పోటీలకు దిగలేదు.

పోయేముందు ఆమె కొడుకు దగ్గర ఒక మాట తీసుకున్నది. ఎట్లాగయినా కాలేజీ చదువు పూర్తి చేసి పట్టా తీసుకోవాలన్నది ఆ మాట. చేస్తానన్నాడు. ఇలాంటి మాటలు మన ఇళ్లల్లోనూ మంచం పక్కన కూర్చుని చాలామంది ఇస్తూనే ఉంటారు.

అక్క మొగుడు నేర్పిన ఆట

పెద్దక్క భర్త కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడినవాడు. బావమరిదికి ఆయనే ఆట నేర్పాడు. అప్పటికి డంకన్ తొమ్మిదో తరగతి. ఈ ఆటకు అది ఆలస్యమే. అయితే ఉన్నట్టుండి పొడుగు సాగాడు. చివరకు ఏడడుగులకు ఒక్క అంగుళం తక్కువ దగ్గర ఆగాడు. పొట్టివాడుగా ఉన్నప్పుడు దూరం నుంచి ఆడటానికి నేర్చుకున్న పాదాల కదలిక, పొడుగు వచ్చిన తర్వాత కూడా అతన్ని వదలలేదు. అంత ఎత్తు మనిషి అంత తేలికగా పక్కకు తిరగటం ఆ రోజుల్లో అరుదుగా కనిపించేది.

1992లో అమెరికా నుంచి కొందరు ఆటగాళ్లు ఆ దీవికి వచ్చి ఆడారు. వారిలో అలాంజో మోర్నింగ్ ఉన్నాడు. అప్పుడే పెద్ద లీగులోకి అడుగుపెట్టిన మొనగాడు. దీవి కుర్రవాడు ఆయనకు ఎదురు నిలిచి సమానంగా ఆడాడు. అది చూసిన క్రిస్ కింగ్ అనే ఆటగాడు తన పాత కోచ్, వేక్ ఫారెస్ట్ శిక్షకుడు డేవ్ ఓడమ్ చెవిన వేశాడు. ఓడమ్ విమానమెక్కి దీవికి వచ్చాడు. ఆయన మాట్లాడుతుంటే కుర్రవాడు టీవీ వైపే చూస్తూ కూర్చున్నాడట. వీడు వింటున్నాడా లేదా అని కోచ్‌కు అనుమానం వచ్చింది. అడిగి చూస్తే చెప్పినదంతా పొల్లుపోకుండా అప్పజెప్పాడట.

1993లో కాలేజీలో చేరాడు. మొదటి మ్యాచ్‌లో అతను వేసిన పాయింట్లు సున్నా. గెలుపు గుర్రం అని తెచ్చినవాడు సున్నాతో మొదలుపెట్టాడు. ఆ సంవత్సరం ముగిసేసరికి సగటున మ్యాచ్‌కు దాదాపు పది పాయింట్లు, పది రీబౌండ్లు వచ్చాయి. బుట్టలో పడకుండా వెనక్కి వచ్చిన బంతిని ఎగిరి అందుకోవటాన్ని రీబౌండ్ అంటారు. చూసేవాళ్లు చప్పట్లు కొట్టే పని కాదది. మ్యాచ్‌లు గెలిచేది మాత్రం చాలాసార్లు దానివల్లనే.

రెండో ఏట అతను దేశమంతటా తెలిశాడు. 1995లో అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ పోటీల ఫైనల్‌లో ఉత్తర కరోలినా జట్టు మీద అదనపు సమయంలో 82-80 తేడాతో వేక్ ఫారెస్ట్ గెలిచింది. ఆ టోర్నమెంటు హీరో తోటి ఆటగాడు ర్యాండల్ఫ్ చైల్‌డ్రెస్. అయితే అవతలి జట్టు వాళ్లను బుట్ట దగ్గరకు రానివ్వకుండా కాపు కాసింది డంకన్.

కోట్లు పిలిచిన వేళ

ఇక్కడ అమెరికా పద్ధతి కొంచెం చెప్పాలి. ఆ రోజుల్లో కాలేజీ ఆటగాడికి ఫీజు, భోజనం, బస తప్ప ఆటకు డబ్బు ఇవ్వరాదు. 2021 తర్వాతనే ఆ కట్టు సడలింది. డబ్బంతా ఎన్.బి.ఎ. అనే వృత్తి ఆటగాళ్ల లీగులో ఉన్నది. ప్రతి ఏటా ఆ లీగు జట్లు కాలేజీ కుర్రవాళ్లను వంతులవారీగా ఎంచుకుంటాయి. ముందు పేరు పిలిచినవాడికి ఎక్కువ జీతం. కాలేజీ నాలుగేళ్లు పూర్తి చేయాలన్న నిబంధన లేదు. ఒక ఏడాది చదివి మానేసి వెళ్లినా తీసుకుంటారు.

1995లో డంకన్ రెండేళ్ల చదువు ముగించేనాటికి, అతను వస్తే మొదటి పేరు అతనిదే కావచ్చని లీగు పెద్దలు బాహాటంగానే అన్నారు. ఆ ఏడాది అతనితోపాటు ఆడినవాళ్లు, అతనిలాగే రెండేళ్లు చదివినవాళ్లు, జో స్మిత్, జెర్రీ స్టాక్‌హౌస్, రషీద్ వాలెస్ ముగ్గురూ పుస్తకాలు మూసి వెళ్లారు. స్మిత్ మొదటి పేరుగా, మిగతా ఇద్దరూ మూడు, నాలుగు స్థానాల్లో ఎంపికయ్యారు. కోట్లు సంపాదించారు. వాళ్లను తప్పుపట్టే పని లేదు. ఇంట్లో అవసరాలు ఎవరివి వారికే తెలుసు.

డంకన్ వెళ్లలేదు. 1996లో మళ్లీ పిలుపు వచ్చింది. ఆ ఏడాది అలెన్ ఐవర్సన్ రెండేళ్ల చదువుతో వెళ్లి మొదటి పేరు కొట్టాడు. డంకన్ అప్పుడూ వెళ్లలేదు. అమ్మకు మాట ఇచ్చాను, పట్టా తీసుకునే వస్తానన్నాడు.

ఇది ఎంత తెగింపో ఆటలు ఆడినవాళ్లకే తెలుస్తుంది. మోకాలు ఒకసారి మెలిక పడితే అంతే సంగతులు. ఇవాళ పది కోట్లు ఇస్తానన్నవాడు రేపు మొహం చూడడు. పండిన ఆకును బ్యారన్ నిండా పెట్టుకుని, ధర బాగున్న రోజున అమ్మకుండా రెండేళ్లు ఆగిన రైతును ఎవరయినా చూశారా? ఆ కుర్రవాడు చేసింది అటువంటి పని. అదీ ధర పెరుగుతుందని కాదు.

చదువు కూడా నామమాత్రంగా చదవలేదు. మనస్తత్వశాస్త్రం ప్రధాన విషయం. దానితోపాటు మానవశాస్త్రం, చైనా సాహిత్యం పాఠాలకు కూడా వెళ్లాడు. గొప్పలు చెప్పుకునేవారిని, అహంకారులను చూస్తే ఎదుటివారికి ఎందుకు చిరాకు పుడుతుందన్న విషయం మీద తన ప్రొఫెసర్‌తోనూ, మరో ఇద్దరితోనూ కలిసి ఒక అధ్యాయం రాశాడు. అది 1997లో ఒక గ్రంథంలో అచ్చయింది. మైదానంలో బుట్ట వేసి గుండెలు బాదుకోని మనిషి, నోరు విప్పి ప్రత్యర్థిని తిట్టని మనిషి, గొప్పలు చెప్పుకునేవారి గురించి రాయటం ఈ విలేకరికి మహా ఇష్టమయిన సంగతి.

ఆఖరి ఏడాది

నాలుగో ఏట అతని సగటు మ్యాచ్‌కు 20.8 పాయింట్లు, 14.7 రీబౌండ్లు. రీబౌండ్లలో ఆ ఏడాది దేశం మొత్తం మీద అతనిదే పైచేయి. ఉత్తమ కాలేజీ ఆటగాడికి ఇచ్చే నైస్మిత్, వుడెన్ అవార్డులు రెండూ వచ్చాయి. నాలుగేళ్లలో 128 మ్యాచ్‌లు ఆడి 2,117 పాయింట్లు, 1,570 రీబౌండ్లు సంపాదించాడు. ఎదుటివారు వేసిన బంతిని గాలిలోనే అడ్డుకున్నవి 481. అప్పటికి ఆ కాన్ఫరెన్స్‌లో అది రికార్డు.

అయితే కథ సినిమాలో లాగా ముగియలేదు. అతను ఆగినందుకు జట్టుకు జాతీయ కప్పు రాలేదు. 1996లో చివరి ఎనిమిది జట్ల దాకా వెళ్లి కెంటకీ చేతిలో ఓడారు. 1997లో, అతని ఆఖరి ఏడాదిలో, రెండో రౌండులోనే స్టాన్‌ఫర్డ్ చేతిలో ఓడి ఇంటికి వచ్చారు. ఏం సాధించాడు ఆగి అని అప్పట్లో ఎవరయినా అడిగితే చూపటానికి కప్పు లేదు. ఒక కాగితం ఉన్నది. దాని మీద అతని పేరు ఉన్నది.

ఆ వేసవిలోనే ఎన్.బి.ఎ. ఎంపికలో మొదటి పేరు పిలిచారు. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో జట్టు తీసుకున్నది. అక్కడ 19 సీజన్లు, అన్నీ ఆ ఒక్క జట్టుకే ఆడాడు. 1999, 2003, 2005, 2007, 2014 సంవత్సరాలలో ఐదుసార్లు కప్పు గెలిచారు. 2016లో ఏ హడావుడీ లేకుండా ఆట మానుకున్నాడు. కాలేజీలోనూ, శాన్ ఆంటోనియోలోనూ అతని 21వ నంబరు చొక్కా ఇక ఎవరికీ ఇవ్వరు.

ఈ విలేకరి అతన్ని మొదట చూసింది టీవీలో. మా హైస్కూలు ఆవరణలో వల లేని రెండు బుట్టలు ఉండేవి. డ్రిల్లు మాస్టారు పుణ్యమా అని ఆట అబ్బింది. 2014 జూన్ 16న, మృగశిర కార్తెలో, తెల్లవారుజామున అయిదున్నరకు లేచి అతని అయిదో కప్పు మ్యాచ్ చూశాను. బుట్టలో సూటిగా వేయకుండా, వెనక బోర్డు మీద గీసిన చతురస్రం మూలకు గురిచూసి కొడతాడు. బంతి దానికి తగిలి మెత్తగా బుట్టలో దిగుతుంది. మా ఊళ్లో గోడకు కొట్టి గోలీ ఆడే పిల్లలకు ఆ లెక్క తెలుసు. అతని కాలేజీ ఆటల పాత వీడియోలు తర్వాత సెల్‌ఫోనులో దొరికాయి. బొమ్మ మసకగా ఉంటుంది. నల్లచొక్కా వేసుకున్న బక్కపలచటి కుర్రవాడు, మొహంలో ఏ మార్పూ లేకుండా, అదే మూల, అదే దెబ్బ.

సొంత సంగతి ఒకటి చెప్పాలి. నేను ఇంటర్మీడియట్‌తో ఆపాను. ఆ ఏడాది పొగాకు ధర పడిపోయింది, కౌలు కట్టాలి, ఒక్క ఏడాది ఆగి డిగ్రీలో చేరతానని మా అమ్మతో చెప్పాను. ఆ ఒక్క ఏడాది ఇంకా అవలేదు. ఆమె మొదట్లో ప్రతి జూన్‌లోనూ అడిగేది. తర్వాత అడగటం మానేసింది.

డంకన్ సంగతి ఇంకొక ముక్క మిగిలింది. 2017 సెప్టెంబరులో వర్జిన్ ఐలండ్స్ మీద రెండు వారాల తేడాతో ఇర్మా, మరియా అనే రెండు తుపాన్లు విరుచుకుపడ్డాయి. మాట్లాడటమంటే గిట్టని ఆ మనిషి పేపరుకు ఎక్కి, హ్యూగో నాడు తన ఇంట్లో తాను పడిన భయం గుర్తుచేసుకుని, ముందు తన సొమ్ము రెండున్నర లక్షల డాలర్లు ఇచ్చి, మిగతావాళ్లను చెయ్యి చాపి అడిగాడు. విమానం మాట్లాడి తిండి సామాను దీవికి చేర్చాడు.

ఇది రాసిన తర్వాత రాత్రి భోజనాల దగ్గర మా అమ్మకు చదివి వినిపించాను. తుపాను దగ్గర ఒకసారి, తల్లి పోయిన దగ్గర ఒకసారి ఆపించి మళ్లీ చదివించుకున్నది. కప్పులు, అవార్డుల లెక్కలు పట్టించుకోలేదు. కంచం తీస్తూ, "పట్టా తెచ్చుకున్నాడు గానీ, పాపం ఆ తల్లి చూసుకోలా అబ్బాయ్" అన్నది.