గోల్కొండ ఉక్కు కత్తి

గోల్కొండ ఉక్కు కత్తి అనగా మూసలలో కరిగించి తయారుచేసిన ఉక్కుతో సాగగొట్టిన ఖడ్గము. ఈ ఉక్కును ఐరోపావారు ఊట్జ్ అని పిలిచారు. ఈ పేరు తెలుగు, కన్నడ భాషలలోని 'ఉక్కు' అనే మాటనుండి వచ్చిందని ఎక్కువమంది అభిప్రాయం. అలుగుపై నీటి అలలవంటి చారలు దీని గుర్తు. అయితే చారలను మాత్రమే చూసి కత్తి నాణ్యతను నిర్ణయించరాదు.

చరిత్ర

నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రం ఈ ఉక్కుకు ప్రసిద్ధి చెందిన గ్రామం. ఇక్కడి తయారీ విధానాన్ని గురించి హెన్రీ వాయిసీ వ్రాసిన వివరణ 1832లో అచ్చయినది. ఉక్కు కొనుటకు పర్షియా వర్తకులు ఇంతదూరం వచ్చేవారు.

17వ శతాబ్దంలో గోదావరి డెల్టా కూడా గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో ఉండేది. 1669-79 మధ్య ఈ తీరాన తిరిగిన ఆంగ్లేయుడు థామస్ బౌరీ, నరసాపురం ప్రాంతంలో ఇనుము సమృద్ధిగా లభించేదని, ఓడలకు కావలసిన మేకులు, లంగరులను స్థానికులు నేర్పుగా చేసేవారని వ్రాశాడు. ఇది ఓడల పని. కత్తుల ఉక్కు తెలంగాణ కొలిములది.

ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే ప్రకారం, గోల్కొండ ఉక్కు చిన్న రొట్టెలంత ముద్దలుగా అమ్ముడయ్యేది. మోసం ఉన్నదేమో తెలుసుకొనుటకు ముద్దను రెండుగా కోసి చూసేవారు. ఒక్కొక్క సగం ఒక కత్తికి సరిపోయేది. అనగా పరీక్ష కత్తి తయారవకముందే, ముద్ద లోపలే జరిగేది.

జపాను కత్తితో పోలిక

జపాను కటానాకు వాడే తమహగనె ఉక్కును ఇనుప ఇసుక, బొగ్గులతో తయారుచేస్తారు. దానిని పలుమార్లు మడిచి సాగగొడతారు. తరువాత అలుగుకు మట్టి పూసి, వాదరవద్ద పలుచగా ఉంచి, కాల్చి నీటిలో ముంచుతారు. అందువలన వాదర గట్టిగాను, వెన్ను మెత్తగాను ఉంటాయి. ఈ రెంటి సరిహద్దున కనిపించే తెల్లని రేఖను హమోన్ అంటారు. ఊట్జ్ ఉక్కులో కర్బనం సుమారు 1.5 శాతం, కటానా వాదరలో సుమారు 0.7 శాతం. కర్బనం ఎక్కువగుటచే ఊట్జ్‌ను మితిమీరి కాల్చి కొడితే పగిలిపోతుంది.

నాణ్యత పరిశీలన

నేడు కొత్తగా చేసిన కత్తులను పరిశీలించునప్పుడు ఈ క్రింది అంశాలు ముఖ్యమైనవి.

* చారలు: నిజమైన చారలు ఉక్కు లోపలివి. మెరుగుపెడితే మరుగైనా, ఆమ్లం పూస్తే తిరిగి కనిపిస్తాయి. పైపైన ముద్రించినవి తిరిగి రావు. పొరలు అతికించిన ఉక్కులో కూడా చారలు తిరిగి వస్తాయి, కాని అది ఊట్జ్ కాదు.
* హమోన్: వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే అసలు రేఖలో సన్నని మెరుపు రేణువులు, మార్పులు కనిపిస్తాయి. ఆమ్లంతో గీసినది ఒకే తీరుగా ఉంటుంది.
* అలుగు: పిడివైపునుండి వెన్ను వెంబడి చూస్తే వంకర తెలుస్తుంది. వాదరపై వెంట్రుకంత పగులు ఉన్నా ఆ కత్తి వాడుకకు పనికిరాదు.
* పిడి: కటానా అలుగు కొన పిడిలోపలికి చాలాదూరం వెళ్ళి, వెదురు చీలతో బిగించబడి ఉండాలి. భారతీయ తల్వారు పిడిని సాధారణంగా లక్కవంటి జిగురుతో బిగిస్తారు. వేడికి అది సడలవచ్చు. అలంకారపు కత్తులలో సన్నని కడ్డీని అతికించి పిడి పెడతారు. వాటిని విసిరితే అలుగు ఊడి ప్రక్కవారికి ప్రాణాపాయం.
* తూకం: కటానాను ప్రధానంగా రెండు చేతులతో, తల్వారును ఒక చేతితో పట్టుతారు. తల్వారు పిడి చివరనున్న బిళ్ళ మణికట్టును కొంత అడ్డగించుటవలన అది పొడుచుటకన్న లాగి కోయుటకు అనువైనది. కనుక రెంటినీ ఒకే కొలతతో తూచరాదు.

ప్రస్తుత స్థితి

కోనసముద్రం వంటి చోట్ల ఈ తయారీ 19వ శతాబ్దం తరువాత నిలువలేదు. 1990లలో అమెరికాకు చెందిన వెర్హోవెన్, పెండ్రే కలిసి చారలున్న అలుగులను మరల తయారుచేశారు. ఉక్కులో స్వల్పంగా ఉండే వెనేడియం వంటి మూలకాలు చారలకు కారణమని చూపారు. 'డెమాస్కస్' పేరుతో నేడు అమ్ముడయ్యేవాటిలో ఎక్కువభాగం పొరలు అతికించిన ఉక్కు. అది నాసిరకమని కాదు. కాని పేరు, చారలు చూసి కొన్నవారికి లోపలి ఉక్కు, పిడి బిగింపు ఎలాంటివో తెలియవు.